డీపీఎఫ్ దీపం ఆరిన కొద్ది రోజులకే మళ్లీ వెలుగుతోంది: ఫిల్టర్ మార్చాలా, కారణం వెతకాలా?

దగ్గరిదారి:

అందరికీ నమస్కారం. నేను నడుపుతున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ కారు. మీటరు 1,30,000 కిలోమీటర్లు దాటింది. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి తిరగడమే దానికి ముఖ్యమైన పని. దూరం తక్కువ, దారి పొడవునా ఆగుతూ సాగుతూ వెళ్లాల్సిందే. కొంతకాలంగా డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) హెచ్చరిక దీపం వెలుగుతోంది. మొదట్లో హైవే మీద అరగంట నడిపితే ఆరిపోయి చాలాకాలం కనిపించేది కాదు. ఇప్పుడు ఆరినట్టే ఆరి, వారం తిరగకముందే మళ్లీ వస్తోంది. వర్క్‌షాప్‌లో కంప్యూటర్ తగిలించి ఫోర్స్‌డ్ రీజెనరేషన్ (ఫిల్టర్‌లోని మసిని బలవంతంగా కాల్చడం) చేశారు, అదీ నిలవలేదు. ఇక ఫిల్టర్ మొత్తం మార్చాల్సిందేనని వారి మాట. లోపలి జాలీని పగలగొట్టి తీసేసి, సాఫ్ట్‌వేర్ మార్పించుకుంటే పీడ విరగడవుతుందని తెలిసినవారొకరు సలహా ఇచ్చారు.

ఇంకో వింత కూడా ఉంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఇంజిన్ ఆయిల్ గరిష్ఠ గీతకంటే పైన ఉంది. సర్వీసు తర్వాత ఎవరూ ఆయిల్ పోయలేదు. ఈ రెండింటికీ సంబంధం ఉందా? ఫిల్టర్ నిజంగానే ఆయుష్షు తీరి పోయిందని ఎలా తెలుసుకోవాలి? డీజిల్‌లో కలిపే డీపీఎఫ్ క్లీనర్ సీసాల వల్ల ఉపయోగముందా?

స్పానర్‌పట్టు:

దగ్గరిదారి గారూ, ఫిల్టర్ మార్చే ముందు ఒక్కమాట. నా పని డయాగ్నొస్టిక్స్. నా దగ్గరకు వచ్చే బండ్లలో చాలావాటికి ఫిల్టర్ స్వయంగా చెడిపోయి ఉండదు. ఇంకెక్కడో ఉన్న లోపానికి అది బలవుతుంటుంది. ఆ లోపాన్ని వదిలేసి కొత్తది బిగిస్తే కొద్ది నెలల్లో కొత్తదానికీ అదే గతి పడుతుంది.

ఫిల్టర్‌లో చేరేవి రెండు రకాలు: మసి, బూడిద. మసి డీజిల్ సరిగా మండకపోవడం వల్ల వస్తుంది, తగినంత వేడి తగిలితే అది కాలిపోతుంది. బూడిద ప్రధానంగా ఇంజిన్ ఆయిల్‌లోని కాల్షియం, మెగ్నీషియం, జింక్ వంటి సంకలనాల నుంచి వస్తుంది, ఎంత వేడి చేసినా కాలదు. బూడిద ఎత్తకుండా అదే పొయ్యిలో రోజూ కట్టెలు పేరుస్తూ పోతే మంటకు చోటు చాలనట్టే, బూడిద పెరిగేకొద్దీ ఫిల్టర్‌లో మసికి మిగిలే చోటు తగ్గి రీజెనరేషన్ తరచుగా అవసరమవుతుంది. అయితే సరైన ఆయిల్ వాడుతూ, ఆయిల్ తాగని ఇంజిన్‌లో బూడిదతో ఫిల్టర్ నిండడానికి సాధారణంగా లక్షన్నర కిలోమీటర్లు దాటాలి. ఇంకా ఎక్కువ నడిచినవీ చాలానే ఉన్నాయి. మీ మీటరు ప్రకారం చూస్తే ముందు మసినే అనుమానించాలి.

మసి కాలడానికి రెండు దారులున్నాయి. హైవే మీద ఇంజిన్ నిలకడగా పని చేస్తున్నప్పుడు, ఫిల్టర్‌కు ముందున్న ఆక్సిడేషన్ క్యాటలిస్ట్ తయారుచేసే నైట్రోజన్ డయాక్సైడ్ దాదాపు 250 నుంచి 400 డిగ్రీల మధ్యనే మసిని నెమ్మదిగా తినేస్తుంది. ఇది పాసివ్ రీజెనరేషన్, డ్రైవరుకు తెలియకుండానే జరిగిపోతుంది. మీలా దగ్గరి దూరాలు తిరిగే బండిలో ఎగ్జాస్ట్ అంత వేడెక్కదు కాబట్టి మసి పేరుకుంటుంది. అది ఒక హద్దు దాటగానే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ప్రధాన ఇంజెక్షన్ తర్వాత ఆలస్యంగా ఇంకొంచెం డీజిల్ చిమ్ముతుంది. ఆ డీజిల్ క్యాటలిస్ట్‌లో మండి ఫిల్టర్ ఉష్ణోగ్రతను 600 డిగ్రీల ప్రాంతానికి తెస్తుంది. దీన్నే యాక్టివ్ రీజెనరేషన్ అంటాం. పూర్తికావడానికి పది నుంచి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది, మధ్యలో ఇంజిన్ ఆపేస్తే మిగిలిన మసి అలాగే ఉండిపోతుంది.

ఆయిల్ పెరగడానికి మూలం ఇక్కడే ఉంది. ఆలస్యంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడలకు అంటి, పిస్టన్ రింగులు దాటి ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి అయిన సంప్‌లోకి దిగుతుంది. రీజెనరేషన్ మొదలవుతూ, మధ్యలో ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉంటే ఆయిల్ మట్టం పైకి వస్తుంది. అంటే మీ బండి ప్రయత్నిస్తోంది గానీ పూర్తి చేయలేకపోతోంది. ఎందుకు చేయలేకపోతోందన్నదే మనం వెతకవలసింది.

స్కానర్ తగిలించి, లోపాన్ని సూచించే కోడ్‌లతో సరిపెట్టకుండా లైవ్ డేటాలో ఈ విలువలు చూడమని అడగండి. లెక్కగట్టిన మసి బరువు, బూడిద బరువు, గత రీజెనరేషన్ల మధ్య సగటు దూరం ముందు కావాలి. ఫిల్టర్‌కు ముందు, వెనుక ఒత్తిడి తేడాను కొలిచే డిఫరెన్షియల్ ప్రెజర్ సెన్సర్ విలువను ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడు ఒకసారి, ఐడ్లింగ్‌లో ఒకసారి, 2,500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి రాయించండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు అది సున్నా చూపాలి. చూపకపోతే సెన్సర్‌నో, దాని రెండు గొట్టాల్లో ఒకటి చిరిగిపోవడాన్నో, నీరు చేరి మూసుకుపోవడాన్నో అనుమానించాలి. చివరగా, బండి పూర్తిగా వేడెక్కాక కూలెంట్ ఉష్ణోగ్రత ఎంత ఉందో చూడండి. డాష్‌బోర్డు మీటరు ముల్లును నమ్మవద్దు, చాలా కార్లలో అది ఒక విస్తృత పరిధి అంతటా మధ్యలోనే నిలబడేలా అమర్చి ఉంటుంది.

ఇవి చెబితే మిగతాది మాట్లాడుకుందాం. ఈలోగా ఆయిల్ మట్టం గరిష్ఠ గీత దాటి ఉంది కాబట్టి హైవే మీద గట్టిగా నడపకండి.

మూడోడీజిల్:

స్పానర్‌పట్టు గారు లోపం సంగతి చెప్పారు. ఈ ఫిల్టర్‌తో రోజూ కాపురం చేయడం ఎలాగో, వాడకందారుగా నేను చెబుతాను.

బండి రీజెనరేషన్ చేస్తున్నట్టు చాలా కార్లు డ్రైవరుకు చెప్పవు. గుర్తులు మాత్రం ఉంటాయి: ఐడ్లింగ్ వేగం మామూలుకంటే ఒకటి రెండు వందల ఆర్‌పీఎం ఎక్కువ చూపిస్తుంది, స్టార్ట్-స్టాప్ పనిచేయడం మానేస్తుంది, తక్షణ మైలేజీ ఒక్కసారిగా పడిపోతుంది, సైలెన్సర్ శబ్దం కాస్త బొంగురుగా మారుతుంది, బండి ఆపి దిగాక కూడా ముందున్న ఫ్యాన్ హోరుమంటూ తిరుగుతూనే ఉంటుంది. వీటిలో రెండు కనిపిస్తే ఇల్లు వచ్చినా సరే ఇంజిన్ ఆపకుండా ఇంకో పావుగంట నడపడం మేలు. ఇది నాకు అలవాటైపోయింది. ఇంట్లోవాళ్లు మాత్రం ఇప్పటికీ విసుక్కుంటారు. ఆ సమయంలో ఎండుగడ్డి మీదగానీ, ఎండుటాకుల కుప్ప మీదగానీ బండి నిలపవద్దు; కింద ఎగ్జాస్ట్ ఎంత వేడిగా ఉంటుందో పైన చదివారు కదా.

దీపం వెలగగానే ఇంజిన్‌ను ఎర్రగీత దాకా అరిపించాలన్న మాట చాలాచోట్ల వింటుంటాం. దానితో నేను ఏకీభవించను. కావలసింది శబ్దం కాదు, ఇంజిన్ మీద నిలకడైన భారం. పై గేరులో నిద్రపోతున్నట్టు వెళ్లకుండా ఒక గేరు తగ్గించి, 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య ఆగకుండా ఇరవై నిమిషాలు నడిపితే చాలా బండ్లకు సరిపోతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడం, వదలడం చేస్తుంటే ఎగ్జాస్ట్ వేడి ఎగుడుదిగుడు అవుతుంది, మసి కూడా ఎక్కువే పుడుతుంది. మరొక చిన్న విషయం: ట్యాంకులో ఇంధనం రిజర్వుకు చేరితే చాలా కార్లు రీజెనరేషన్‌ను అసలు మొదలుపెట్టవు. కాబట్టి దీపం వచ్చినప్పుడు ముందు డీజిల్ పోయించి తర్వాత హైవే ఎక్కండి.

దీపం ఒంటరిగా వెలిగితే నడపవచ్చు. దానికి తోడు ఇంజిన్ దీపం కూడా వచ్చి, బండి లింప్ మోడ్‌లోకి వెళ్లి బలం తగ్గిపోతే ఇక హైవే వైద్యం పనిచేయదు, ఎందుకంటే ఆ స్థితిలో ఈసీయూ తానుగా రీజెనరేషన్ చేయదు. మసి మరీ ఎక్కువగా ఉన్నప్పుడు ఒక్కసారిగా అంటుకుంటే ఫిల్టర్ పగలడమో కరగడమో జరుగుతుందన్న భయంతోనే అలా కట్టడి చేశారు.

మీరు అడగకపోయినా ఒక అభిప్రాయం చెబుతాను. ఎంత బాగు చేయించినా, రోజూ ఇంజిన్ వేడెక్కేలోపే ముగిసే ప్రయాణాలు తప్ప ఇంకేమీ లేని ఇంటికి డీజిల్ కారు నప్పదు. వారంలో ఒక్కసారైనా అరగంట నిలకడగా నడిపే అవకాశం మీకు లేకపోతే, బాగుపడ్డాక దానిని అమ్మి పెట్రోల్‌కో, హైబ్రిడ్‌కో మారడం గురించి ఆలోచించండి.

పాతబండి:

ఇంత తతంగం అవసరమా? ఇరవై ఏళ్ల క్రితం డీజిల్ కార్లకు ఈ ఫిల్టర్ లేదు, అవి లక్షల కిలోమీటర్లు నడిచాయి. తీసేయించుకున్న నా మిత్రుడి బండి మైలేజీ కూడా పెరిగింది, రీజెనరేషన్‌కు వృథాగా పోయే డీజిల్ మిగిలింది. తీసేస్తే తలనొప్పి ఒక్కసారితో పోతుంది కదా?

నూనెచుక్క:

పాతబండి గారూ, రీజెనరేషన్‌కు డీజిల్ ఖర్చవుతుందన్నది నిజమే, దాన్ని ఎవరూ కాదనరు. ఇరవై ఏళ్ల క్రితం ఏ డీజిల్ కారుకూ ఫిల్టర్ లేదన్నది మాత్రం సరికాదు. 2000లోనే ప్యూజో 607 ఈ ఫిల్టర్‌తో మార్కెట్‌లోకి వచ్చింది, దాని తర్వాత ఇంకా కొన్ని వచ్చాయి.

అసలు విషయానికి వస్తే, ఫిల్టర్ ఆపేది మన కంటికి కనిపించే నల్లపొగను మాత్రమే కాదు. ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరేంత సూక్ష్మమైన కణాలను కూడా ఆపుతుంది, పొగ కనిపించని బండి కూడా వాటిని కోట్లలో వదులుతుంది. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో వర్గీకరించింది. యూరో 5 ప్రమాణాలు రెండో దశలో బరువుతో పాటు కణాల సంఖ్యకూ హద్దు పెట్టడానికి కారణం ఇదే. చాలా దేశాల్లో ఫిల్టర్ తీసిన బండిని రోడ్డు మీద నడపడం చట్టవిరుద్ధం. పాత పద్ధతి పొగ పరీక్షలో దొరక్కపోవచ్చు గానీ, 2023 నుంచి జర్మనీ, నెదర్లాండ్స్ తనిఖీల్లో కణాలనే లెక్కపెడుతున్నారు, అక్కడ ఖాళీ డబ్బా తప్పించుకోలేదు.

వీటన్నిటికీ తోడు, ఈ ప్రశ్న అడిగినవారికే నష్టం చేసే అంశం ఒకటుంది. డీజిల్ కారిపోయే ఇంజెక్టర్, ఆయిల్ వదిలే టర్బో, అంటుకుపోయిన ఈజీఆర్ వాల్వ్ (ఎగ్జాస్ట్‌లో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) వంటివి మసి పెంచి, ఫిల్టర్ ద్వారా ముందే బయటపడతాయి. ఫిర్యాదు చేసేదాన్ని తీసేస్తే లోపం పోదు. ఇంజిన్ దెబ్బతినేదాకా తెలియకుండా పెరుగుతుంది.

ఇక దగ్గరిదారి గారి ఆయిల్ గురించి. మట్టం గరిష్ఠ గీతకు పైన ఉంటే ఆ ఆయిల్‌ను ఉంచవద్దు. కొంత తీసేసి మట్టం సరిచేస్తే చాలదు, ఎందుకంటే మిగిలినదానిలో కూడా డీజిల్ కలిసి ఉంటుంది. పలచబడిన ఆయిల్ బేరింగుల మీద, టర్బో షాఫ్ట్ మీద నిలవవలసిన పొరను నిలపలేదు. మట్టం మరీ పెరిగితే ఇంజిన్ లోపలి ఆవిర్లను గాలి దారిలోకి పంపే బ్రీదర్ గొట్టం ద్వారా ఆయిల్ ఇన్‌టేక్‌లోకి చేరి, ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా తాగుతూ, తాళం తిప్పినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. మీ ఇంధనంలో బయోడీజిల్ కలిసి ఉంటే సమస్య మరింత ఎక్కువ: మామూలు డీజిల్‌లో తేలికైన భాగాలు వేడి ఆయిల్ నుంచి కొంతైనా ఆవిరవుతాయి, బయోడీజిల్ మరిగే ఉష్ణోగ్రత ఎక్కువ కాబట్టి అది సంప్‌లోనే ఉండిపోతుంది.

ఆయిల్ మార్చేటప్పుడు 5డబ్ల్యూ-30 అన్న చిక్కదనం ఒక్కటే చూసి కొనకండి. మీ కారు పుస్తకంలో రాసిన ఆమోదం డబ్బా వెనుక ఉండాలి. ఐరోపా కార్ల తయారీదారుల సంఘమైన ఏసీఈఏ వర్గాల్లో సీ3 రకం ఆయిల్‌లో సల్ఫేటెడ్ బూడిద 0.8 శాతం దాటకూడదు, సీ4లో 0.5 శాతం దాటకూడదు. ఫిల్టర్ లేని పాత ఇంజిన్లకు వాడే ఏ3/బీ4 రకంలో అది 1.6 శాతం దాకా ఉండవచ్చు. చిక్కదనం ఒకటే అయినా, తప్పు రకం పోస్తే ఫిల్టర్‌లో బూడిద రెండింతల వేగంతో చేరగలదు. ఎక్కువగా ఊళ్లోనే తిరిగే బండికి కంపెనీ చెప్పిన గడువులో సగానికే ఆయిల్ మార్చడం నా సలహా.

క్లీనర్ సీసాల గురించి: సీరియం, ఇనుము వంటి లోహాలున్న సంకలనాలు మసి మండే ఉష్ణోగ్రతను తగ్గిస్తాయి. పైన చెప్పిన ప్యూజో కారు మొదటినుంచీ సీరియం సంకలనంతోనే నడిచింది, దానికోసం వేరే చిన్న ట్యాంకు కూడా ఉండేది. కాబట్టి ఇది బొత్తిగా మోసం కాదు. కానీ ఆ లోహం కూడా చివరికి ఫిల్టర్‌లో బూడిదగానే మిగులుతుంది. లోపమున్న సెన్సర్‌ను గానీ, వేడెక్కని ఇంజిన్‌ను గానీ ఏ సీసా బాగుచేయదు.

దగ్గరిదారి:

అందరికీ ధన్యవాదాలు. వేరే చోట స్కానర్ పెట్టించి స్పానర్‌పట్టు గారు అడిగినవన్నీ రాయించుకున్నాను. బూడిద, ఈసీయూ లెక్క ప్రకారం, నిండే హద్దులో సగానికి కాస్త పైన ఉంది. రీజెనరేషన్ల మధ్య సగటు దూరం 110 కిలోమీటర్లు చూపిస్తోంది. ప్రెజర్ సెన్సర్ ఇంజిన్ ఆపినప్పుడు సున్నా, ఐడ్లింగ్‌లో 9 మిల్లీబార్లు, 2,500 దగ్గర 60 చిల్లర. కూలెంట్ మాత్రం హైవే మీద కూడా 67 నుంచి 73 డిగ్రీల మధ్యే ఊగుతోంది, అంతకు మించి ఎక్కలేదు. కోడ్‌లలో పి2463తో పాటు పి0128 అనే పాతది ఒకటి ఉంది. దాన్ని ఇదివరకు ఎవరూ నాకు చెప్పలేదు.

ఇదే కారణమైతే వర్క్‌షాప్‌లో చేసిన ఫోర్స్‌డ్ రీజెనరేషన్ ఎలా పూర్తయింది? అలాగే, ఎప్పటికైనా బూడిద తీయించాల్సి వస్తే ఏమేమి అడగాలి?

స్పానర్‌పట్టు:

పి2463 అంటే మసి ఎక్కువగా పేరుకుందని. పి0128 అంటే కూలెంట్ థర్మోస్టాట్ (కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) తెరుచుకోవలసిన ఉష్ణోగ్రతను చేరడం లేదని. ముందు చూడవలసింది రెండోదాన్నే. డీజిల్ ఇంజిన్‌లో కూలెంట్ మామూలుగా 85 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండాలి. మీ థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయినట్టుంది, దానివల్ల రేడియేటర్ ఇంజిన్‌ను ఎప్పుడూ చల్లబరుస్తూనే ఉంది. చాలా ఈసీయూలు కూలెంట్ 70 డిగ్రీల ప్రాంతం దాటితేనే యాక్టివ్ రీజెనరేషన్‌కు అనుమతిస్తాయి. మీ బండి సరిగ్గా ఆ గీత మీద అటూ ఇటూ ఊగుతోంది: 73కు ఎక్కగానే మొదలుపెడుతుంది, గాలి తగిలి 67కు పడగానే వదిలేస్తుంది. మసి మిగిలిపోవడం, 110 కిలోమీటర్లకే మళ్లీ ప్రయత్నం రావడం, సంప్‌లో డీజిల్ చేరడం, మూడూ దీనితోనే పొసగుతాయి. ప్రెజర్ విలువలను బట్టి చూస్తే ఫిల్టర్‌లో మసి ఉన్నమాట నిజమే గానీ, అది ఊపిరాడకుండా మూసుకుపోలేదు.

ఫోర్స్‌డ్ రీజెనరేషన్ పూర్తవడంలో ఆశ్చర్యం లేదు. నిలబడి ఉన్న బండికి ఎదురుగాలి తగలదు కాబట్టి, థర్మోస్టాట్ తెరిచే ఉన్నా కూలెంట్ వేడెక్కుతుంది. రోడ్డెక్కగానే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

పని ఈ వరుసలో చేయించండి. ముందు థర్మోస్టాట్ మార్చి, గాలి బుడగలు లేకుండా కూలెంట్ నింపించి, ఉష్ణోగ్రత 85 దాటి నిలుస్తోందో లేదో స్కానర్‌లోనే చూడండి. తర్వాత ఒక్క రీజెనరేషన్ చేయించాలి. ఆయిల్ మట్టం గీతకు ఎంత పైన ఉందో చూసి, ఎక్కువగా ఉంటే రీజెనరేషన్‌కు ముందే కొంత తీసేయాలి. పూర్తి ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్పు మాత్రం రీజెనరేషన్ అయ్యాక చేస్తే, దానిలో దిగిన డీజిల్ కూడా పాత ఆయిల్‌తోపాటే పోతుంది. ఆ తర్వాత రీజెనరేషన్ల మధ్య దూరం గమనిస్తూ ఉండండి. మీ తిరుగుడుకు అది హైవే బండి అంత పెరగదు, కానీ రెండు వందలు దాటి నిలవాలి. నిలవకపోతే ఇంజెక్టర్ల రిటర్న్ పరీక్ష, ఈజీఆర్ వాల్వ్, ఇన్‌టేక్ గొట్టాల లీకు వరుసగా చూడాలి.

బూడిద తీయించే రోజు వచ్చినప్పుడు, బండికే ఉంచి ఏదో ద్రవం చిమ్మే పద్ధతికి ఒప్పుకోకండి. అది మసిని కొంత కదిలిస్తుందేమో గానీ, ఫిల్టర్ లోపలి సన్నని దారుల మూసిన చివరల్లో గట్టిపడిన బూడిదను బయటకు తేలేదు. ఫిల్టర్‌ను విప్పి, కొలిమిలో నెమ్మదిగా వేడిచేసి గాలితో వెనుక నుంచి ఊదే చోటుకో, నియంత్రిత ఒత్తిడితో నీటి శుద్ధి చేసే చోటుకో పంపాలి. కార్లు కడిగే హైప్రెజర్ గన్‌తో కడిగితే సిరామిక్ గోడలు చిట్లవచ్చు, పైన ఉన్న క్యాటలిస్ట్ పూత కూడా పోవచ్చు. శుద్ధికి ముందు, తర్వాత బరువు, గాలి ప్రవాహ పరీక్ష ఫలితం రెండూ కాగితం మీద అడగండి. విప్పినప్పుడు ఫిల్టర్ వెనుకవైపు ముఖం మీద టార్చి వేసి చూడమనండి: శుభ్రంగా ఉండవలసిన ఆ వైపు నల్లని మసి మచ్చలుంటే లోపల పగిలినట్టే, దానికి శుద్ధి దండగ. శుద్ధి నిజంగా జరిగాకనే ఈసీయూలో బూడిద లెక్కను సున్నాకు తెప్పించండి. దీపం ఆపడం కోసం ముందే సున్నా చేస్తే, ఈసీయూ ఫిల్టర్ ఖాళీగా ఉందనుకుని మసి హద్దును తప్పుగా లెక్కిస్తుంది. తిరిగి బిగించేటప్పుడు ప్రెజర్ సెన్సర్ గొట్టాలు రెండూ తారుమారు కాకుండా, ఏది ఫిల్టర్ ముందు నుంచి వచ్చిందో విప్పేముందే గుర్తు పెట్టమని చెప్పండి.